ఒంట్లో బాగోకపోతే ఇక్కడ నొక్కండి

షాబియా, ముసఫ్ఫా
14 జనవరి 2023

బావమరిది ఆనందకుమార్‌కి, జాయ్స్‌కి, క్రాంతికుమార్‌కి మీ బావ ఏలీయా వందనాలు.

నా నంబరు బ్లాక్ చేశావని క్రిస్మస్ వెళ్ళిన మర్నాడే తెలిసిపోయింది. వాట్సాప్‌లో ఒక టిక్కు పడి రెండోది పడకపోతే ఆమాత్రం తెలీదా. మీ అక్క ఫోన్లోంచి మాట్లాడొచ్చు గానీ, దొడ్డిదారిన వచ్చాడంటావు. అందుకని ఈ ఉత్తరం. మా వీధి గ్యారేజీల్లో స్పేరు పార్టులు ఎక్కించుకుని వారానికోసారి మీ ఉమ్ అల్ క్వైన్ వచ్చే వ్యాను డ్రైవరు ఫరాజ్ చేతికిచ్చి పంపుతున్నాను. “చాచా, ఫోన్ హై నా?” అని నవ్వాడు. ఫోనుంది నాయనా, ఎత్తేవాడు లేడు అన్నాను.

సంతోషం ముందు చెప్తాను, తగువు తర్వాత. మన హెప్సీకి ఉద్యోగం వచ్చింది ఆనందూ. రెండేళ్ళు ఆ గదిలో గోడకి తిరిగి పడుకున్న పిల్ల ఇప్పుడు పొద్దున్నే తలదువ్వుకుని బల్లముందు కూర్చుంటోంది. ఏం ఉద్యోగమంటే, ఈ బ్యాంకులవాళ్ళూ ఆఫీసులవాళ్ళూ వెబ్‌సైట్లు పెడతారు గదా, కళ్ళు కనబడనివాళ్ళు, చెవులు వినబడనివాళ్ళు, చెయ్యి స్వాధీనంలో లేనివాళ్ళు వాటిని వాడుకోగలరా లేదా అని పరీక్ష చెయ్యడం. దీని కంప్యూటరు తెరమీద ఉన్నదంతా చదివి చెవిలో చెప్తుంది. ఆ వేగానికి నాకైతే పోపులో ఆవాలు చిట్లుతున్నట్టుంటుంది, దానికి మాత్రం ప్రతి మాటా తెలుస్తుంది. ఎక్కడ దారి తెగిపోయిందో చెప్తే అవతల ఇంజనీర్లు “సరే మేడమ్” అని బాగుచేస్తారు. నా కూతుర్ని మళ్ళీ మేడమ్ అంటున్నారు. కింద మంగలి షాపులో చెప్పాను, బకాలా కొట్టులో చెప్పాను, మా బిల్డింగు వాచ్‌మన్‌కి చెప్పాను. వాడు బంగ్లాదేశ్ వాడు, నా చేతులు రెండూ పట్టుకున్నాడు.

ఇంక తగువు. క్రిస్మస్ కూడికలో సాక్ష్యం చెప్పమంటే మైకు తీసుకున్నాను. దేవుడు నా బిడ్డకి అన్ని తలుపులూ తెరిచాడు, మా క్రాంతి కట్టిన మన సంఘం సైటుకి మాత్రం దానికి తలుపు లేదు అన్నాను. సంతోషంలో అన్నమాట అది. నువ్వు కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయావు.

నాకు కావలసింది ఒక్కటే. మన సైటులో సహాయం పేజీ ఉంది. కూలీల క్యాంపుల్లో ఉన్నవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే మన గోదావరి ఆడపిల్లలు ఒంట్లో బాగోకపోతే అందులో రాస్తారు. నర్సుగా ఉన్నన్నాళ్ళూ హెప్సీయే అది చూసేది. ఏ మాత్ర వేసుకోవాలో, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలో చెప్పేది. కళ్ళు పోయాక, నువ్వు రెస్టు తీసుకోమ్మా అని దాని దగ్గర్నించి తీసేసి మీ ఆవిడ జాయ్స్‌కిచ్చావు. అప్పుడు సరే. ఇప్పుడు అది చెయ్యగలదు. కానీ ఆ పేజీ తెరిస్తే దాని ఫోను “బొత్తాం, బొత్తాం, బొమ్మ, బొత్తాం” అంటుంది, ఏ బొత్తామో చెప్పదు. క్రాంతి చేత అది బాగుచేయించు. ఏప్రిల్లో పెద్దల మీటింగులో బాధ్యతలు పంచేటప్పుడు ఆ పేజీ దానికి తిరిగివ్వు. ఇంతే.

మీ బావ,
పెనుమాల ఏలీయా


ఉమ్ అల్ క్వైన్
29 జనవరి 2023

ఏలీయా గారికి,

మీ ఉత్తరం ముట్టింది. ఆ ఫరాజ్ నా వర్క్‌షాపు మధ్యలో నిలబడి, వెల్డింగ్ చేసేవాళ్ళందరూ తలెత్తేలాగ “జీజాజీ కా లెటర్” అని అరిచి మరీ ఇచ్చాడు. మిగిలిన పరువు కూడా అలా పోయింది.

తలుపు లేదన్నారు. దుబాయ్ నించి, షార్జా నించి వచ్చిన సంఘాల ముందు, పాస్టరుగారి ముందు అన్నారు. నా కొడుకు తన ఉద్యోగం తను చేసుకుంటూ సెలవుల్లో కూర్చుని దేవుడి పనికని ఊరికే కట్టిన సైటు అది. దానికి మీరిచ్చిన మెడల్ ఇదా. సంతోషంలో అన్నారా. మీ సంతోషం ఎప్పుడూ పక్కవాడి కాలిమీదే నిలబడుతుంది బావగారూ. మీ పెళ్ళినాడూ అంతే, గల్ఫు వీసా వచ్చిననాడూ అంతే.

హెప్సీ నా మేనకోడలు. దానికి ఉద్యోగం వచ్చినందుకు నాకు దుఃఖమేమీ లేదు. కానీ మూడొందల కుటుంబాలు వాడే సైటుని ఒక్క మనిషి కోసం పడగొట్టి కడతారా? ఇంట్లో మీరున్నారు, మా అక్క ఉంది. చదివిపెట్టండి. సహాయం పేజీ అంటారా, అది కళ్ళున్నవాళ్ళు చూడాల్సిన పని. అవతల మనిషి ఫోటో పెడతాడు, పుండు పెడతాడు, వాపు పెడతాడు. ఏం చూసి చెప్తుంది? ఏప్రిల్ మీటింగులో నన్నడిగితే వద్దనే అంటాను. ఇప్పుడే చెప్తున్నాను, తర్వాత మళ్ళీ మైకు పట్టుకోకండి.

పాస్టరుగారు క్రాంతిని పిలిచి, చెయ్యగలిగింది చెయ్యి అన్నారట. బొత్తాల సంగతి చూస్తానంటున్నాడు. ఫోటోలు మాత్రం వందలున్నాయి, ప్రతిదానికీ అందులో ఏముందో ఎవరో ఒకరు మాటల్లో రాయాలట. మీకు సంతోషం పొంగిపోతోంది గదా, ఆ పని మీరే చెయ్యండి. మీ అయిదో తరగతి చదువుకి అది చాలు.

ఆనందకుమార్


షాబియా, ముసఫ్ఫా
25 ఫిబ్రవరి 2023

ఆనందూ,

ముప్పై ఏళ్ళు నువ్వు అన్నవాడివి మీరు అని రాశావు. సరే, పెద్దరికం వచ్చింది నాకు. అయిదో తరగతి అని గుర్తుచేశావు, అదీ సరే. ఆ అయిదో తరగతివాడే నీకు ముసఫ్ఫాలో మొదటి పని ఇప్పించాడు. అది నేను రాయకూడదు, రాసేశాను.

నువ్వు ఎగతాళికి ఇచ్చిన పని ఉందే, అంత ఆనందం నేను జన్మలో ఎరగను. మీ క్రాంతి బంగారం. మనిద్దరికీ పుట్టని బుద్ధి వాడికెలా వచ్చిందో. సైటు వెనకాల నాకొక గది తెరిచిపెట్టాడు, అందులో ప్రతి ఫోటో పక్కనా, ప్రతి బొత్తాం పక్కనా ఒక ఖాళీ పెట్టె. నేను ఫోన్లోకి మాట్లాడతాను, అది అక్షరాలై ఆ పెట్టెలో పడుతుంది. చూసేవాళ్ళకి ఆ మాటలు అడ్డురావు. వినేవాళ్ళకి వినబడతాయి.

హెప్సీ ముందే హెచ్చరించింది. “నాన్నా, చూసేవాడికి బొమ్మ ఏం చెప్తుందో వినేవాడికి నీ మాట అంతే చెప్పాలి. ప్రసంగం చెయ్యకు.” సరే అన్నాను. కానీ ఫోటోలో ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే అయితే ప్రసంగం ఎలా ఆగుతుంది. ఈస్టరు పొద్దున తీసిన ఫోటోకి ఇలా రాశాను: “పాపాయమ్మ గారు పాడుతున్నారు, పక్కనున్న నలుగురూ ఆవిడ ఎప్పుడు ఆపుతుందా అని చూస్తున్నారు.” పిక్నిక్ ఫోటోకి: “ఫ్రాంక్లిన్ చేతిలో మూడో ప్లేటు బిర్యానీ, మొదటిదాని మొహం పెట్టాడు.” హెప్సీ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటూ మంచం మీద పడి నవ్వింది. మీ అక్క వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది, ఏమైందో అని. ఈ ఇంట్లో ఆ చప్పుడు విని మూడేళ్ళయింది.

బొత్తాలకి కూడా నేనే పేర్లు పెట్టాను. అవి ఉత్త గుర్తులే గదా, అక్షరాలుండవు. పైకి వెళ్ళే బాణం గుర్తుకి “మళ్ళీ పైకి, మెట్లు లేవు” అని పెట్టాను. కానుకల గుర్తుకి “కానుక, బలవంతం లేదు” అని పెట్టాను. సహాయం పేజీకి వెళ్ళే చెయ్యి గుర్తుకి “ఒంట్లో బాగోకపోతే ఇక్కడ నొక్కండి, సిగ్గుపడొద్దు” అని పెట్టాను. ఇది వినగానే హెప్సీ “నాన్నా, ఇది ముట్టుకోకు, ఇలాగే ఉంచు” అంది. పదోతరగతి పాసయినంత సంబరపడ్డాను.

నీ ఫోటోలకి కూడా రాశాను. దాచడమెందుకు, ఒకటి చెప్తాను: “సంఘ పెద్ద ఆనందకుమార్. నల్లకోటు. పొట్టమీది బొత్తాం కష్టపడుతోంది. అందరూ కెమెరాకేసి చూస్తున్నారు, ఈయన మాత్రం పక్కకి చూస్తున్నాడు.” అది విని హెప్సీ నవ్వలేదు. “ఎన్ని ఫోటోల్లో మావయ్య అలా ఉన్నాడు నాన్నా?” అని అడిగింది. లెక్కపెట్టలేదమ్మా, ఈ ఏడాదిగా తీసినవాటిలో దాదాపు అన్నిట్లోనూ అన్నాను. నువ్వు లేచి వెళ్ళిపోయావని ఇంకా బాధపడుతోందేమో.

ఇప్పుడు సహాయం పేజీ దాని ఫోన్లో గడగడా చదువుతోంది. పుండు ఫోటో పెడితే ఏం చేస్తుందన్నావు. “నెప్పి ఎక్కడ, ఎన్నాళ్ళనించి, జ్వరముందా అని అడుగుతాను మావయ్యా, డాక్టర్లు ఫోన్లో అడిగేదీ అదే” అంటోంది. ఇదీ జవాబు. ఏప్రిల్లో చూసుకుందాం.

నీ బావ,
ఏలీయా


ఉమ్ అల్ క్వైన్
12 మార్చి 2023

ఏలీయా గారికి,

ఈ కాయితం చింపకుండా చివరిదాకా చదవండి.

దేవుడి సైటుని తోలుబొమ్మలాట చేశారు. చూసేవాళ్ళకి కనబడదని ధైర్యం గదా. నా క్యాంపులో నెట్టు నత్తనడక. ఫోటో తెరమీదికి రాదు, దాని బదులు మీరు రాసిన చెత్త వచ్చి పడుతుంది. పనివాళ్ళంతా గుమిగూడి చదువుకుని నవ్వారు. పొట్టమీది బొత్తాం కష్టపడుతోందా? ఆ కోటు కొన్నది మీ కూతురు నర్సుగా ఉద్యోగంలో చేరిందని విందు చేసినప్పుడు, మర్చిపోయారేమో. పక్కకి చూస్తున్నాడట. గర్విష్ఠి, మనుషుల మొహం చూడడు అని లోకానికి చెప్పడమేగా దాని అర్థం.

పాపాయమ్మగారు వితంతువు, ఆవిడ పాటమీద జోకులా. ఇవన్నీ ఒకెత్తు. కానుకల బొత్తానికి “బలవంతం లేదు” అని పెడతారా? అంటే ఇన్నాళ్ళూ నేను బలవంతంగా వసూలు చేస్తున్నాననా? సంఘానికి నేను పెద్దని, అది వింటే పదిమంది ఏమనుకుంటారు? మెట్లు లేవట. ఎవడడిగాడు మిమ్మల్ని మెట్ల గురించి. ఆ ఫోను గొంతులో ఆ మాట ఎంత అసయ్యంగా ఉంటుందో మీకు తెలీదు.

క్రాంతికి చెప్పేశాను, మీ రాతలన్నీ తీసెయ్యమని. సహాయం పేజీ మాట ఇంక ఎత్తకండి. ఏప్రిల్లో అది మీ అమ్మాయికి వెళ్ళకుండా నేను చూస్తాను. ఇంటి పెద్దకి నోరు ఆగదు, అలాంటి ఇంటికి రోగిష్ఠుల రహస్యాలు ఎవడప్పగిస్తాడు? ఏ ఆడపిల్లో కాలు వాచిందని రాస్తే మర్నాడు మీ మంగలి షాపులో తెలుస్తుంది.

ఖలాస్. ఇంక ఫరాజ్‌ని పంపకండి.

ఆనందకుమార్


షాబియా, ముసఫ్ఫా
26 మార్చి 2023

ఆనందూ,

పంపాను. వాడు నీ బల్లమీద పడేసి వెళ్ళిపోతాడు, చదువుతావో లేదో నీ ఇష్టం. కానీ ఇది నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. అక్షరాలు పెద్దవిగా రాయమని హెప్సీ చెప్పింది, అందుకే ఇన్ని కాయితాలు.

నీ ఉత్తరం వచ్చినరోజు నేను దానికి మొత్తం చదివి వినిపించాను. ముందు దాని చేతిలో నాకు చివాట్లు పడ్డాయి. “మావయ్య అన్నది సగం నిజం నాన్నా. నువ్వు ఫోటోలో ఉన్నది రాయలేదు, నీ మనసులో ఉన్నది రాశావు. పాపాయమ్మ పిన్ని వింటే ఏడుస్తుంది.” సరే, ఒప్పుకున్నాను. కూర్చుని అన్నీ మళ్ళీ రాశాను, “పాపాయమ్మ గారు పాడుతున్నారు” అని అక్కడితో ఆపేశాను. నాకది ఉప్పులేని చారులాగుంది, అయినా ఆపాను.

తర్వాత అది, కానుకల బొత్తాం దగ్గర ఏమన్నాడో మళ్ళీ చదవమంది. చదివాను. మెట్ల మాట మళ్ళీ చదవమంది. చదివాను. తర్వాత మెల్లిగా అంది. “నాన్నా, నెట్టు ఆగిపోతే ఫోటోకి రాసిన మాట తెరమీద కనబడొచ్చు. నిజమే. బొత్తాలకి నువ్వు పెట్టిన పేర్లు మాత్రం ఏ ఫోన్లోనూ ఎప్పటికీ కనబడవు. అవి వినబడతాయంతే. మావయ్య ఫోను మాట్లాడించుకుని వింటున్నాడు.”

నాకు ముందు ఎక్కలేదు. అది విడమర్చి చెప్పింది. పదేళ్ళుగా మావయ్యకి షుగరు. నడిమి చూపు మసకబారినవాడు ఎదురుగా ఉన్నది కనబడక మొహం పక్కకి తిప్పుకుని చూస్తాడు. ఫోటోల్లో పక్కకి చూస్తున్నది గర్వంతో కాదు. నీ ఉత్తరాలు తీసి మళ్ళీ చూశాను. జనవరిలో గీతమీద నడిచిన అక్షరాలు మార్చిలో గీతలు దాటి ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. ఫరాజ్‌ని అడిగాను. మీ క్యాంపులో నెట్టు బాగానే ఉందట, ఎవరూ నవ్వలేదట.

నిజం చెప్తాను. ఆ క్షణాన నాకు పట్టలేనంత సంతోషమైంది. దొరికాడు అనుకున్నాను. కళ్ళున్నవాళ్ళు చూడాల్సిన పని అన్నవాడు ఇలా దొరికాడు. ఏప్రిల్ మీటింగులో లేచి నిలబడి ఒక్కమాట అంటే చాలు. చెప్పులేసుకుని గుమ్మందాకా వెళ్ళాను కూడా, కింద ఎవరో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడదు నాకు. హెప్సీ తలుపుకి అడ్డంగా నిలబడింది. “ఇది పేషెంటు సంగతి నాన్నా. నీ నోట్లోంచి ఇది బయటికొస్తే నేను ఇంక ఆ పేజీ అడగను. అమ్మకి కూడా చెప్పకూడదు.” చూడలేదు గదా అది నన్ను, అయినా సరిగ్గా నా చెప్పులకేసి తిరిగి అంది.

కాబట్టి నీకొక్కడికే రాస్తున్నాను. వెంటనే కంటి ఆస్పత్రికి వెళ్ళు. మిగిలిన చూపు నిలబెట్టొచ్చు అని హెప్సీ అంటోంది. ఇంకొకటి, బండి నడపకు. నీ వ్యానులో పదిమంది పనివాళ్ళు కూర్చుంటారు. నువ్వు నడుపుతూనే ఉంటే మాత్రం అది జాయ్స్‌కి ఫోన్ చేస్తుంది. ఆ ఒక్కటీ దాచదట.

ఏలీయా


ఉమ్ అల్ క్వైన్
5 ఏప్రిల్ 2023

ఏలీయా గారికి,

నా జుట్టు మీ చేతికి దొరికిందనుకుంటున్నారు. నా కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. బొత్తాల పేర్లు నాకు క్రాంతి చెప్పాడు. ఈ ఉత్తరంలో అక్షరాలు పెద్దవి రాయడానికి కారణం, మీకు అర్థం కావాలని.

ఎంత తెలివి. కన్ను పోయిందని పుకారు పుట్టిస్తాం, నోరు మూసుకోవాలంటే పేజీ ఇవ్వు. ఇదా బేరం? జూన్‌లో నా లైసెన్సు రెన్యూవల్, అందులో కంటి పరీక్ష ఉంది. ఈ మాట బయటికి వస్తే నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఏమంటాడో, నాకు పనిచ్చే కంపెనీలవాళ్ళు ఏమంటారో మీకు తెలుసు. తెలిసే రాశారు. గుడ్డివాడి చేతిలో వెల్డింగ్ షాపు ఎవడుంచుతాడు? అక్క మొహం చూసి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఈ మాట ఒక్కడికి తెలిసినా మన రెండిళ్ళ మధ్యా దారి మూసుకున్నట్టే. మీరు పోయినా నేను రాను, నేను పోయినా మీరు రావద్దు.

ఆనందకుమార్


షాబియా, ముసఫ్ఫా
15 ఏప్రిల్ 2023

ఆనందూ,

బేరం కాదు. పేజీ ఎవరికిస్తావో ఇచ్చుకో. మీటింగుకి నేను రావడంలేదు, వస్తే నా మొహమే చెప్పేస్తుందని. నువ్వు హెప్సీని కాదన్నా ఈ మాట నా నోటెంట రాదు. అలా ఒట్టు పెట్టించుకుంది.

నేను ఏ మాటా కడుపులో ఉంచుకోలేనని నీకు తెలుసు. మీ అక్క మూడుసార్లు అడిగింది, ఏంటలా మింగుతున్నారు అని. గ్యాస్ అన్నాను. నాకు రోజూ జీలకర్ర నీళ్ళు కాచి ఇస్తోంది. నీ కంటికి నేను తాగుతున్నాను ఆ నీళ్ళు.

ఒక్కటి మాత్రం చెప్పనీ, హెప్సీ చెప్పమంది. కరోనా వార్డులో ఉండగా దాని కంట్లో మెరుపులు మొదలయ్యాయి, మూలనించి నల్లటి తెర దిగినట్టయింది. నర్సు గదా, దానికి తెలుసు అదేమిటో. ఈ షిఫ్టు అయ్యాక చూపించుకుంటాను, వచ్చేవారం చూపించుకుంటాను అనుకుంది. వార్డులో మనుషులు తక్కువ, ఇప్పుడు సెలవడిగితే ఏమనుకుంటారో అని. చూపించుకునేసరికి ఒకటి పోయింది, రెండోది ఏడాదికి పోయింది. “నన్ను చూసి నేర్చుకోమను నాన్నా. మావయ్య కోపాన్ని నేనేమీ అనుకోవడం లేదు. టైము వేస్టు చేస్తున్నాడు, అదే నాకు కోపం.”

ఇంక రాయను. తిట్టాలనుంది గానీ ఒట్టు అడ్డొస్తోంది.

ఏలీయా


ఉమ్ అల్ క్వైన్
21 మే 2023

బావా,

లావు మార్కరుతో రాస్తున్నాను. గీతలు కలిసిపోతే సర్దుకుని చదువుకో.

షార్జాలో చూపించుకున్నాను. కుడికంటి నడిమి చూపు పోయింది, రాదట. ఎడమది సూదులు పొడిచి నిలబెడతామంటున్నారు. కంట్లో సూది. ఆ డాక్టరు నవ్వుతూ చెప్పింది, నీ తాలూకు మనిషేమో అనుకున్నాను. నెల ముందొస్తే కుడిది కూడా కొంత దక్కేదట. ఆ నెల నీతో తగువులో పోయింది. తప్పు నీదని కాదు, నాదనీ ఒప్పుకోను.

జాయ్స్‌కీ క్రాంతికీ చెప్పాను. బండి తాళాలు మా ఫోర్‌మన్ లచ్చన్న చేతికిచ్చాను, మోకాళ్ళ నెప్పి అని చెప్పాను. లైసెన్సు రెన్యూవల్‌కి వెళ్ళను. కఫీల్ దగ్గరికి నేనే వెళ్తాను, నాకు నేను సిద్ధపడ్డాక. అంతవరకూ నీ నోరు నీ దగ్గరే ఉంచుకో. ఉంచుకున్నావని తెలుసు. మీటింగులో ఒక్కడి మొహంలోనూ ఏ తేడా లేదు. అంత పనికి నువ్వు పనికొస్తావని నేననుకోలేదు.

పేజీ హెప్సీకి ఇచ్చాం. నేనే చెప్పాను. ఆడవాళ్ళు రాసినవాటికి వారం గడిచినా జవాబు పోవడంలేదని ఫిర్యాదులొచ్చాయి అన్నాను. అదీ నిజమే, మా ఆవిడకి తీరిక లేదు. నేను మారిపోయానని ఊరేగించకు. నీ ఫోటోల రాతలు పాతవి పోయాయి, కొత్తవి ఉన్నాయి, ఏదో ఉన్నాయి. కానుకల బొత్తానికి ఉత్త “కానుక” అని పెట్టించాను. ఆ చెయ్యి గుర్తు పేరు మాత్రం మార్చనివ్వలేదు.

ఎందుకో కూడా చెప్తాను, ఇంకెవరికీ చెప్పను కాబట్టి. ఫిబ్రవరిలో ఒకరోజు కొటేషను కాయితం మీద అంకెలు కనబడలేదు నాకు. ఆఫీసు తలుపేసుకుని ఫోను చేత సైటు చదివించుకుంటున్నాను, కాలక్షేపానికి. ఒంట్లో బాగోకపోతే ఇక్కడ నొక్కండి, సిగ్గుపడొద్దు అంది. నొక్కాను. ఖాళీ వచ్చింది, ఏం కావాలో రాయమంది. రాయబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, అది వెళ్ళేది మా ఆవిడ ఫోన్లోకి గదా. మూసేశాను. మర్నాడు కూర్చుని నీకు ఆ తిట్ల ఉత్తరం రాయడం మొదలెట్టాను.

ఇప్పుడు రాస్తాను. నీకు కాదు, దానికి. ఫోను చదివే వేగం ఎలా పెంచాలో, కంపెనీవాళ్ళ కాయితాలు ఎలా వినాలో, అన్నీ అడగాలి. నువ్వు గదిలో ఉండకూడదు.

ఆనంద్


షాబియా, ముసఫ్ఫా
27 మే 2023

ఆనందూ,

నేను గదిలో లేను. ఇంట్లో కూడా లేను. మలయాళీ కెఫెటేరియా ముందు కుర్చీలో కూర్చుని, టీ గ్లాసు కింద కాయితం ఎగిరిపోకుండా పెట్టుకుని రాస్తున్నాను. ఎండ మండిపోతోంది.

పొద్దున పేజీలో ఒకటొచ్చిందట. హెప్సీ విని, మొహం కడుక్కుని, జడ వేసుకుని, పాత హాస్పిటల్ గొంతుతో “నాన్నా, ఒక గంట బయటికెళ్ళు” అంది. ఎవరమ్మా అన్నాను, తెలిసే అన్నాను. “పేషెంటు” అంది. మీ అక్కని కూడా సంతకి పంపేసింది. నేను తలుపు లాగుతుంటే లోపలినించి అది ఫోన్లో అంటున్న మాట ఒకటి వినబడింది, “ఆ, చెప్పండి, ఎప్పట్నించి ఇలా ఉంది” అని. అంతే విన్నాను. మెట్లు దిగుతుంటే నా కాళ్ళు నేలమీద లేవు. చూపు పోయిననాడు దాని చేతిలోంచి ఏది జారిపోయిందో అది మళ్ళీ దాని చేతికొచ్చింది. నేను విన్నాను ఆనందూ, నా చెవులతో విన్నాను.

ఇప్పుడు ఇక్కడ అందరూ అడుగుతున్నారు. కెఫెటేరియావాడు అడిగాడు, చాచా, ఇవాళ ఏంటి అంత ఖుషీ అని. మంగలి అక్తరు కత్తెర ఊపుతూ అడిగాడు. ఫరాజ్ వ్యాను ఆపి అడిగాడు. ఎవరికని చెప్పను. చెప్తే పేషెంటు ఎవరంటారు. మీ అక్కకి చెప్పకూడదు, పాస్టరుగారికి చెప్పకూడదు, పాపాయమ్మకి అసలే చెప్పకూడదు. నాకేమో ఛాతీ పగిలిపోతోంది.

ఎంత ఆలోచించినా, ఇది చెప్పుకోడానికి ఈ గల్ఫు మొత్తంమీద నాకు నువ్వొక్కడివే మిగిలావు. నువ్వు తిట్టినా సరే. ఫరాజ్ హారన్ కొడుతున్నాడు, ఇంక ఇచ్చేస్తున్నాను.

నీ బావ,
ఏలీయా